పనిచోట రచ్చకట్ట

తెలుగులో ‘రచ్చ’ అన్న పదం వినగానే నేడు అల్లరి, గొడవ అన్న అర్థమే ఎక్కువగా స్ఫురిస్తున్నది. ఇది ఆ పదానికి జరిగిన అన్యాయమనే చెప్పవలెను. సంస్కృతంలోని ‘రథ్యా’ శబ్దం ప్రాకృతంలో ‘రచ్ఛా’గా మారి, తెలుగునకు ‘రచ్చ’గా సంక్రమించినది. రథ్య అనగా రథము నడచు దారి, వీధి. వీధి అన్న అర్థం క్రమంగా వీధిలో జనులు కూడు చోటుగాను, ఆపైన కూడిన సభగాను విస్తరించినది. ‘ఇంట గెలిచి రచ్చ గెలువుము’ అన్న సామెతలో నిలిచి ఉన్నది ఆ పాత అర్థమే. చెట్టు చుట్టూ రాతితో కట్టిన తిన్నెను మన సీమలో రచ్చకట్ట అంటాము. ఇతర ప్రాంతాలలో రచ్చబండ అన్న మాట ఎక్కువ. ఉర్దూ వాఙ్మయంతో పరిచయం గల విద్యార్థులు ‘మజ్లిస్’ అన్న మాటను దీని సరసన నిలిపి చూడవచ్చును. కూర్చుండుట అనే అర్థం గల అరబ్బీ ధాతువు నుండి పుట్టిన మాట అది. ‘బైఠక్’ కూడ కూర్చొనుట నుండి వచ్చినదే. ఒక భాష దారిని పట్టుకొన్నది, మరొక భాష కూర్చొనుటను పట్టుకొన్నది. దారిన పోవువారు ఆగి కూర్చొన్నప్పుడే కూటమి ఏర్పడుతుంది గనుక రెండు భాషలూ చెప్పినది ఒకే సంగతి.

మేము ఈ వ్యాసంలో చర్చింపదలచినది ఊరి రచ్చకట్టను గూర్చి కాదు, పనిచోట ఏర్పడే రచ్చకట్టను గూర్చి. మగ్గం ఇంటి ముందరి అరుగు, కచేరీ వెనుకటి టీ బంకు, ప్రయోగశాలను ఆనుకొన్న భోజనశాల, కళాశాల ఆవరణలోని చెట్టునీడ ఇటువంటివి. వీటికి ఏ రిజిష్టరులోను పేరుండదు. ఏ పద్దు క్రిందను వీటికై వ్యయం చూపరు. అక్కడ గడచిన కాలాన్ని పైవారు వృథాకాలంగా లెక్కించుట పరిపాటి. కాని నియమావళిలో సమాధానం దొరకని చిక్కులు, ముందెన్నడూ ఎరుగని చిక్కులు పనిలో ఎదురైనప్పుడు అవి ఎక్కడ విడుతున్నవని పరికిస్తే ఈ పేరులేని చోట్లే పదేపదే కనిపిస్తున్నవి. ఎందువల్ల, ఎట్టి పరిస్థితులలో, ఎవరి చిక్కులు? ఈ మూడవ ప్రశ్నను సామాన్యంగా ఎవరూ అడుగరు. మాకు అదే ముఖ్యంగా తోచుచున్నది.

మన కళ్ళెదుట ఉన్న దానితోనే మొదలుపెడుదాము. మంత్రాలయం దగ్గర తుంగభద్ర రెండు రాష్ట్రాలకు హద్దు; ఈ ఒడ్డు ఆంధ్రప్రదేశ్, ఆ ఒడ్డు కర్ణాటక. ఈ నదిమీద వెదురుతో పెద్ద బుట్టవలె అల్లిన అరిగోలు తరతరాలుగా నడుస్తున్నది. పుట్టి అని కూడ అంటారు. పూర్వం దాని అడుగుకు తోలు కప్పేవారు. తరువాత ప్లాస్టిక్ గోనెలు, తారు వచ్చి తోలు స్థానాన్ని ఆక్రమించినవి. అల్లిక మాత్రం పాతదే. ఈ మార్పునకు ఏ ఇంజనీరూ పటం గీయలేదు, ఏ ప్రభుత్వ శాఖా ఉత్తర్వు జారీచేయలేదు. నీరు తగ్గి అరిగోళ్ళు గట్టెక్కినప్పుడు వాటిని బోర్లించి బాగుచేసుకొనువారు ఒకచోట కూర్చొంటారు. ఒకరి చేతిపని మరొకరి కంటబడుతుంది. గోనె ఒక పొర చాలునా, రెండు కావలెనా, తారు ఎంత కాగవలెను అన్నవి అక్కడ తేలుతవి. చేతులకు పని ఉండి నోటికి తీరిక ఉండే పని అది. ఈ లక్షణాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలసినదిగా కోరుచున్నాము. మున్ముందు దీని అవసరం పడును.

మంత్రాలయానికి సమీపంలోని ఎమ్మిగనూరు సంగతి ఇంకను విశదమైనది. 1938లో మాచాని సోమప్పగారి చొరవతో అక్కడ నేతపనివారి సహకార సంఘం ఏర్పడినది. ఆయనకు 1954లో పద్మశ్రీ పురస్కారం లభించినది. నూలు ఇచ్చుట, గుడ్డ కొనుట, విక్రయించుట మొదలైన సహకార వ్యవస్థను గూర్చి పెద్దలు చాలమంది చెప్పియున్నారు. మా దృష్టి వీధిమీద ఉన్నది. గుంటమగ్గంలో కూర్చొన్న నేతగాడు ఏకాకి. నాడె అటునిటు పోవు చప్పుడులో ప్రక్కవాని మాట కూడ వినబడదు. కాని చేతితో పడుగును సిద్ధపరచుట ఒక్కని వల్ల అయ్యే పని కాదు. తెల్లవారుజామున, ఎండ ముదరక ముందే, వీధి పొడవున పడుగు సాచి, రెండు కొసలను గుంజలకు బిగించి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, తెగిన పోగులను ముడివేయవలెను. ఇరుగుపొరుగు నలుగురైదుగురు చేయి వేయక తప్పదు. నేడు మా పడుగు, రేపు మీ పడుగు అన్నదే అక్కడి లెక్క. ఏ నంబరు నూలు తెగుచున్నది, గంజి ఎంత పలుచన చేయవలెను, అంచులో కొత్త రంగు వేయవలెనంటే పోగుల లెక్క ఎట్లు మార్చవలెను అన్నవన్నీ ఆ నడకలోనే సంభాషణలోనికి వస్తవి. గుంటలో తలెత్తిన చిక్కు వీధిలో విడుతుంది.

సిద్ధంగా చుట్టిన పడుగులు వచ్చినచోట ఈ శ్రమ తగ్గినది. దానితోపాటే వీధికూటమియు తగ్గినది. శ్రమ తగ్గుటను మేము తప్పుపట్టుట లేదు. నడుము వంచి కుంచె లాగినవారికి దాని బాధ తెలియును. లాగనివారు దానిని గూర్చి కవిత్వం చెప్పుట సులభం. అయినను ఒక పనిని యంత్రానికి అప్పగించునప్పుడు ఆ పని చుట్టూ అల్లుకొన్న సంభాషణ ఎక్కడికి పోవునో ఆలోచించువారు అరుదు.

చేతిపనులను విడిచి విద్యారంగానికి వస్తే మన సీమలోనే ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో ఉద్యోగిగా తొలిసారి కడప చేరుకొన్నాడు. మధ్యలో మచిలీపట్టణం మొదలైన చోట్ల పనిచేసి, ఆ దశకంలోనే తిరిగి కడపకు వచ్చి, తోటతో కూడిన ఒక బంగళా కొన్నాడు. అక్కడ పండితులను తన సొంత డబ్బుతో పోషించి, తాళపత్ర గ్రంథాలు సేకరించి, ప్రతులు వ్రాయించి, పాఠాలు సరిచూపించినాడు. జనులు దానిని బ్రౌను కాలేజీ అన్నారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి పండితులు ఆయనకు తోడ్పడినవారు. ఆ బంగళా ఉన్న స్థలంలోనే నేడు బ్రౌను పేర గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నవి. కడపకు పోవు విద్యార్థులు తప్పక దర్శింపదగిన చోటు.

ఆ బంగళా కచేరీ కాదు, బడి కాదు, అగ్రహారమూ కాదు. కచేరీలో బ్రౌను దొర; పండితుడు అక్కడ నిలబడవలసినవాడు. అగ్రహారంలో పండితుడు గురువు. దొరకు అక్కడ ప్రవేశమే లేదు. ఒక పద్యానికి పది ప్రతులలో పది పాఠాలు ఉన్నప్పుడు ఏది కవి హృదయమో నిర్ణయించుటకు ఇద్దరూ ఒకే తాటాకుల కట్ట ముందు కూర్చొనవలసి వచ్చినది. ఛందస్సు, వ్యాకరణం పండితునికి తెలియును. ఒక పాఠాన్ని మరొక పాఠంతో పోల్చి, భేదాలన్నిటిని వ్రాసి ఉంచి, పిదప నిర్ణయించు పద్ధతి బ్రౌనుకు తెలియును. పండితులు చాలమంది కవిగానే ఎంచని వేమన పద్యాలు ఆంగ్లానువాదంతో 1829లో అచ్చెక్కినవంటే దానికి ఇట్టి కూటమియే ఆధారం. పండితులకు జీతం ఇచ్చినవాడు దొరయే గదా, అక్కడ సమానత ఎక్కడిది అని ఎవరైన అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. జీతం ఇచ్చువాడు నేర్చుకొనువాడు కూడ అయినందువల్ల అధికారం కొంత సడలినదని మాత్రమే మేము చెప్పగలము.

మన కళాశాల వంటి రెండు భాషల విద్యాలయానికి బ్రౌను చేసిన మరొక పని ఇంకను దగ్గరిది. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన పిదప, 1854లో ఆయన మిశ్రభాషా నిఘంటువును ప్రకటించినాడు. తెలుగులో వాడుకలోనున్న అన్యదేశ్యాలకు, మిశ్రభాషకు అది కోశం. జవాబు, హాజరు, దస్తావేజు, రాజీనామా, జమాబందీ వంటి మాటలు కావ్యాలలో వెదకిన దొరకవు. అవి కచేరీ వరండాలో పుట్టి పెరిగిన తెలుగు. వాది ప్రతివాదులు, బంట్రోతులు, గుమాస్తాలు, మున్షీలు తమ వంతు కొరకు కాచుకొని మాటలాడుకొన్నచోట ఫార్సీ, ఉర్దూ మాటలు తెలుగు విభక్తులు తొడుగుకొని బయలుదేరినవి. ‘దావా వేసినాడు’ అన్న వాక్యంలో నామం ఒకరిది, క్రియ మరొకరిది. ఏ పరిషత్తూ తీర్మానించి ఈ మాటలను కల్పించలేదు. రెండు భాషలవారికి ఒక పని నెరవేరవలసి ఉన్నది. అందుకు కావలసిన మాటను వరండా సమకూర్చినది.

మాకు స్వయంగా తెలిసిన ఒక సంగతి ఇక్కడ చెప్పుట అప్రస్తుతం కాదు. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చి తెలుగును ద్వితీయ భాషగా తీసుకొన్న విద్యార్థులకు ఛందస్సు కొరకరాని కొయ్యగా ఉండేది. గురులఘువులు గుర్తించుట, గణవిభజన చేయుట వారికి ఎంత చెప్పినను పట్టుబడేది కాదు. దీనిని గూర్చి తెలుగు, ఉర్దూ శాఖల సంయుక్త సమావేశం ఒకటి జరిగినది. అదనపు తరగతులు నడపవలెనని తీర్మానం వ్రాసి, సంతకాలు చేసి లేచినాము. అదనపు తరగతులు నడచినవి. కొయ్య మాత్రం మెత్తబడలేదు.

కొన్నాళ్ళ తరువాత ఒక మధ్యాహ్నం వేపచెట్టు క్రింద రెండు రాళ్ళమీద వేసిన నాపబండ దగ్గర టీ త్రాగుచు మేము ఇదే మొర పెట్టుకొంటున్నాము. ఉర్దూ శాఖలోని పెద్దలొకరు విని, “మియా, య గణం య గణం అంటారే, అసలు అదేమిటి?” అని అడిగినారు. “ఒక లఘువు, రెండు గురువులు, సాబ్” అన్నాము. ఆయన బండమీద వ్రేళ్ళతో కొట్టి, “ఫఊలున్! ఇదే గదా!” అన్నారు. మేము మరల కొట్టి చూచుకొన్నాము. ఫ లఘువు, ఊ గురువు, లున్ గురువు. సందేహం లేదు. “అయితే ర గణమో?” అన్నారాయన. గురువు, లఘువు, గురువు అన్నాము. “ఫాఇలున్” అన్నారు. గ్లాసులు తీసికొనిపోవుటకు వచ్చి నిలబడిన అటెండరు, “రెండూ ఒకే దరువు గదా సార్” అన్నాడు. అతడు పెండ్లిళ్ళలో మర్ఫా వాయించువాడని మాకు అప్పుడు తెలిసినది.

ఆ పూట మా టీ చల్లారిపోయినది గాని ఒక పట్టిక తయారైనది. మఫ్ఊలున్ మ గణం, ఫఇలున్ స గణం. నాలుగు య గణాల భుజంగప్రయాతమూ, నాలుగు ఫఊలున్‌ల ముతకారిబ్ బహరూ నడకలో ఒక్కటే. నాలుగు ర గణాల స్రగ్విణి ముతదారిక్‌తో సరిపోవును. మనం గణవిభజన అన్నదానిని వారు తక్తీ అంటారు. భేదాలూ లేకపోలేదు. ఉర్దూలో కొన్ని దీర్ఘాలను అవసరమైనచోట హ్రస్వంగా పలుకుటకు అనుమతి ఉన్నది. తెలుగు పద్యంలో అట్టి వెసులుబాటు లేదు. మన ప్రాస పాదంలో రెండవ అక్షరం దగ్గర ఉండును, వారి కాఫియా పాదాంతంలో రదీఫ్‌కు ముందు ఉండును. కాని చెవికి ముందే తెలిసిన నడకకు క్రొత్త పేరు పెట్టుకొనుట వేరు, తెలియని దానిని కంఠస్థం చేయుట వేరు. తరువాతి సంవత్సరం ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థులు భుజంగప్రయాతాన్ని గజల్ పట్టినట్లు పట్టుకొన్నారు. మిగిలిన వృత్తాలతో వారి కుస్తీ ఇంకను సాగుచున్నదన్నది వేరే సంగతి.

సమావేశంలో తేలనిది బండమీద ఎందుకు తేలినది? ఇద్దరు మనుష్యులూ వారే, చిక్కూ అదే. సమావేశంలో “య గణం అంటే ఏమిటి?” అని ఒక పెద్ద అధ్యాపకుడు అడుగలేడు. అడిగితే కార్యక్రమాల పుస్తకంలో ఎక్కును. తెలియనివాడన్న పేరు వచ్చును. బండమీద అడిగిన ప్రశ్నకు సాక్షి లేడు. పైగా సమావేశానికి ఒక ఎజెండా ఉండును. అందులో ‘తెలుగు ఛందస్సు’ అని ఉండునే గాని ‘మర్ఫా దరువు’ అని ఉండదు. క్రొత్త ఉపాయం పుట్టుటకు రెండు దూరపు విషయాలు ఢీకొనవలెను. ఎజెండా పనియే దూరపు విషయాలను బయట ఉంచుట. అది లోపం కాదు, దాని ధర్మమే అది. తీర్మానం చేయుటకు సమావేశం కావలెను. తీర్మానింపదగినది పుట్టుటకు బండ కావలెను.

ఇది మన దేశపు పల్లెటూరి లక్షణమని, పారిశ్రామిక దేశాలలో అంతయు నియమానుసారం జరుగునని కొందరి భ్రమ. జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రజ్ఞుడు అమెరికాలో జిరాక్స్ సంస్థలోని మరమ్మతు పనివారి వెంట తిరిగి, 1996లో ఒక గ్రంథం ప్రకటించినాడు. ప్రతి లోపానికి ఏమి చేయవలెనో సంస్థ వారు పెద్ద పుస్తకాలలో అచ్చువేసి ఇచ్చియున్నారు. యంత్రాలు మాత్రం ఆ పుస్తకాలలో లేని తీరున పాడయ్యేవి. పనివారు ఉదయం ఫలహారం వేళ ఒకచోట కూడి, నిన్నటి దినం తాము ఎదుర్కొన్న వింత లోపాలను కథలుగా చెప్పుకొనేవారు. ఆ కథలే అసలు మరమ్మతు శాస్త్రమని ఆర్ కనుగొన్నాడు. పైకి చూచువారికి అది ఉపాహారం, కాలహరణం. సంస్థకు చెందిన పరిశోధకులు దీనిని గ్రహించి, 1990లలో పనివారే తమ ఉపాయాలను వ్రాసి ఒకరికొకరు అందించుకొనే ‘యురేకా’ అనే ఏర్పాటును రూపొందించినారు.

శాస్త్రజ్ఞుల సంగతియు ఇటువంటిదే. కేంబ్రిడ్జిలో అణుజీవశాస్త్ర ప్రయోగశాలకు 1962లో క్రొత్త భవనం ఏర్పడినప్పుడు దాని అధిపతి మాక్స్ పెరుట్జ్ భోజనశాలకు ప్రత్యేక ప్రాధాన్యం ఇచ్చినాడు. ఆ సంవత్సరమే ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. భోజనశాలను ఆయన భార్య గిసెలా ఏండ్ల తరబడి నిర్వహించినది. వివిధ విభాగాలవారు, పెద్దలు, పిన్నలు ఒకే బల్ల దగ్గర కూర్చొని మాటలాడుకొనుటకై చేసిన ఏర్పాటు అది. గణితంలో దీనికంటె రుచికరమైన ఉదాహరణ ఉన్నది. నాడు పోలండులో ఉండి నేడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వోవ్ నగరంలో, 1930లలో, బనాఖ్, మజూర్, ఉలాం మొదలైన గణితవేత్తలు ‘స్కాటిష్ కఫే’ అనే కాఫీ హోటలులో గంటల తరబడి కూర్చొనేవారు. లెక్కలను పాలరాతి బల్లమీదనే వ్రాసేవారు. బల్ల తుడిచినంతనే లెక్క పోయేది. అందుచేత బనాఖ్ భార్య 1935లో ఒక దళసరి నోటు పుస్తకం కొని ఇచ్చినది. అందులో మజూర్ 1936లో వ్రాసిన 153వ ప్రశ్నకు బహుమానం ప్రాణంతో ఉన్న బాతు. 1972లో స్వీడన్ దేశపు పెర్ ఎన్‌ఫ్లో ఆ ప్రశ్నను సాధించి బాతును అందుకొన్నాడు! నవ్వు వచ్చే మాట నిజమే. కాని బల్ల, పుస్తకం రెండూ కలిసినందువల్లనే ఆ ప్రశ్న యుద్ధాన్ని దాటి, దేశాన్ని దాటి, ముప్పది ఆరు సంవత్సరాలు బ్రతికినది. బ్రౌను వ్రాయించినట్లు, జిరాక్స్ పనివారు వ్రాసినట్లు, మాటకు ఒక వ్రాత తోడుండవలెను.

అట్లయితే గోడలన్నీ పడగొట్టి అందరినీ ఒకే హాలులో కూర్చొనబెడితే సరిపోదా? సరిపోదని అనుభవం చెప్పుచున్నది. హార్వర్డు పరిశోధకులు బెర్న్‌స్టీన్, టర్బన్ 2018లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, రెండు పెద్ద సంస్థల కార్యాలయాలు గదులు లేని బహిరంగ పద్ధతికి మారిన తరువాత మనుష్యులు ముఖాముఖి మాటలాడుకొనుట సుమారు 70 శాతం తగ్గినది. అందరూ చూచుచుండగా మాటలాడుటకు జంకి, పనివారు తలవంచుకొని యంత్రాలద్వారా సందేశాలు పంపుకొన్నారు. రచ్చకట్టకు కొంత చాటు కావలెనన్నమాట. దూరమూ పనికిరాదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన థామస్ ఆలెన్ 1977లో తన గ్రంథంలో చూపినట్లు, ఇద్దరి కూర్చొను చోట్ల మధ్య దూరం పెరిగిన కొద్దీ వారి సంభాషణ వేగంగా తగ్గి, సుమారు 30 మీటర్లు దాటినచో దాదాపు అడుగంటును. చేతిఫోను వచ్చిన తరువాత దూరం లేకుండా పోయినదని మన విద్యార్థులు అనవచ్చును. ఫోను చేయవలెనంటే ఎవరికి చేయవలెనో ముందుగా తెలియవలెను గదా. మర్ఫా వాయించువానికి ఛందస్సు గూర్చి ఎవరు ఫోను చేయుదురు?

ఇంతవరకు రచ్చకట్టను ప్రశంసించినాము. ఇక దాని రెండవ ముఖం కూడ చూడవలెను. మన గ్రామాలలో కట్టమీద కూర్చొనువారు కొందరు, క్రింద నిలబడువారు కొందరు. స్త్రీలు ఆ ప్రక్కగా తలవంచుకొని నడచిపోవుదురు. కట్టమీద కూర్చొననివారి చిక్కు కట్టకు చిక్కుగా కనిపించదు. దీనికి ఆధునిక కాలపు నిదర్శనం చింతకింది మల్లేశంగారి వృత్తాంతం. పూర్వపు నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతపు నేత కుటుంబంలో పుట్టినవాడు. పోచంపల్లి పద్ధతి చీరెలకు నూలును ఆసు పోయవలెను. కొయ్యమీద వరుసగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని త్రిప్పు ఈ పనిలో ఒక చీరెకు చేయి సుమారు 9,000 సార్లు అటునిటు ఆడవలెను. అది ఇంటి స్త్రీల పని. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆయన యంత్రం చేయబూనినాడు. ఊరివారు నవ్వినారు. ఏండ్లు గడచినవి, అప్పులు మిగిలినవి. చివరకు హైదరాబాదులో కూలికి పనిచేయుచున్నప్పుడు ఒక కర్మాగారంలో మరొక యంత్రం కదలికను చూచి, తన యంత్రంలో లోపించిన భాగాన్ని గ్రహించినాడు. 1999లో యంత్రం పూర్తియైనది. దానికి తల్లి పేరు పెట్టినాడు. 2017లో పద్మశ్రీ లభించినది.

ఎమ్మిగనూరు వీధిలో పడుగు దగ్గర పోగుల చిక్కు విడుటకు, ఆలేరు ప్రాంతంలో భుజాల నొప్పి అన్నాళ్ళు విడకుండుటకు కారణం ఒకటే అని మా అభిప్రాయం. పడుగు తెగితే నష్టం కూటమిలో ఉన్నవారిది. భుజం నొప్పి కూటమిలో లేనివారిది. ఎవరి చిక్కు వారు కూర్చొన్నచోటనే ఉపాయం పుట్టును. కూర్చొననిచ్చుట తరువాతి మాట కాదు, మొదటి మాట.

ఈ కొలతతో మన కళాశాలను కొలిచి చూతము. వేపచెట్టు క్రింది నాపబండను గూర్చి మేము గొప్పగా వ్రాసినాము. ఆ బండమీద ఒక్క అధ్యాపకురాలు గాని, ఒక్క విద్యార్థిని గాని కూర్చొని యుండగా మేము ఇంతవరకు చూడలేదు. వారికి ఉన్నది వెయిటింగు రూము. వేచియుండుట తప్ప అక్కడ జరుగవలసినదేదీ లేదని పేరే చెప్పుచున్నది. దరువు సంగతి చెప్పిన అటెండరు నేటికీ నిలబడియే టీ త్రాగును. లేబొరేటరీలో గాజు పాత్రలు ఎందుకు తరచుగా పగులుచున్నవో, గ్రంథాలయంలో ఏ పుస్తకాన్ని విద్యార్థులు అడిగి లేదనిపించుకొని పోవుచున్నారో మనకంటె బాగుగా ఎరిగినవారు వీరే. దూరపు పల్లెల నుండి బస్సులో వచ్చు విద్యార్థినులు మొదటి గంట పాఠం ఎందుకు కోల్పోవుచున్నారో మన టైంటేబిలు సంఘానికి తెలియదు. వెయిటింగు రూములో అందరికీ తెలియును.

కళాశాల కమిటీవారు సంకల్పించిన నూతన భవనపు నమూనా పటాన్ని మేము చూచినాము. గదులు విశాలంగా ఉన్నవి, వెలుతురునకు లోపం లేదు, అందుకు కృతజ్ఞులము. కాని ఉర్దూ శాఖ క్రింది అంతస్తున తూర్పు కొసను, తెలుగు శాఖ పై అంతస్తున పడమటి కొసను చూపబడినవి. ఆలెన్ చెప్పిన 30 మీటర్లు ఎప్పుడో దాటిపోయినవి. వాహనాలు నిలుపుటకై వేపచెట్టు ఉన్నచోటును చదును చేయుదురని పటంలోని గీతలను బట్టి తెలియుచున్నది. రెండు భాషా శాఖలను ఒకే అంతస్తున, ఒకే వరండా మీదికి తెరచుకొనునట్లు మార్చుటకు అదనపు వ్యయం కాదని మేస్త్రీని అడిగి తెలిసికొన్నాము; గోడలు లేవకముందే మార్చవలెను. చెట్టును ఉంచి వాహనాలను ప్రహరీ ప్రక్కకు మరల్చవచ్చును.

వరండాలో మూడు బల్లలు వేయవలెనని, వానిలో ఒకటి వెయిటింగు రూము తలుపు దగ్గరనే ఉండవలెనని మా విన్నపం. ఏ బల్లమీదను ఎవరి హోదా పేరును వ్రాయకుండుట మంచిది. మేకునకు దారంతో కట్టిన ఒక నోటు పుస్తకం చాలును. దానిలో ఉర్దూలో వ్రాసినను, తెలుగులో వ్రాసినను, ప్రిన్సిపాలుగారు వ్రాసినను, అటెండరు మరొకనిచేత వ్రాయించినను సరియే. పటంలో వరండా వెడల్పు ఆరు అడుగులని ఉన్నది. ఆరడుగులలో బల్ల వేస్తే నడచువారికి దారి చాలదు, నాలుగు రోజులలో ఎవరో ఒకరు దానిని తీయించివేయుదురు. ఎనిమిది అడుగులు ఉన్నచో బల్లయు పట్టును, దారియు మిగులును.